ఖాళీ గూళ్ళ లెక్క

రాజమణి కోపం పెద్దవంగరలో అందరికీ తెలుసు. బస్సు కండక్టరుకు తెలుసు, రేషన్ దుకాణం వాడికి తెలుసు, ఆమె మొగుడికైతే చెప్పనే అక్కర్లేదు. తప్పు కనపడితే ముందు ఆమె చెవులు ఎర్రబడతాయి, తర్వాత నోరు లేస్తుంది. లేచిన నోటిని ఆపడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. కానీ ఆమె తరఫున ఒక్క మాట చెప్పుకోవాలి. ఉత్తపుణ్యానికి ఆమె ఏనాడూ ఎవరినీ తిట్టలేదు. తిట్టాల్సినవాళ్ళే లోకంలో ఎక్కువైపోయారు, అందుకు ఆమె ఏం చేస్తుంది?

ఊరి బయట పురుషోత్తం సేటు నర్సరీలో ఆమెకు పద్దెనిమిదేళ్ళ నౌకరీ. సేటుది మహబూబాబాద్‌లో మూడు తరాల విత్తనాల దుకాణం. దుకాణంలో విత్తనాలు అమ్ముతాడు, నర్సరీలో రైతులకు మిర్చి నారు పోయిస్తాడు, కొత్త ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ గేట్ల కోసం అలంకారపు మొక్కలు పెంచుతాడు. ఆ మొక్కల్లో తూజా ఒకటి. అది దేవదారుకు దూరపు చుట్టం, చలి ప్రాంతాల సరుకు. విసనకర్రలా ఆకు పరుచుకుని చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ మొలవడంలో మహా పెంకిది. నూరు గింజలు వేస్తే అరవై మొలిస్తే గొప్ప.

మొలవని గూళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. నారు పోసే నల్ల ప్లాస్టిక్ ట్రేలో తొంభై ఎనిమిది గూళ్ళుంటాయి. గూటికి ఒక గింజ. మొలవని గూడు ఖాళీగా ఉండిపోతుంది కదా, సేటుకు ఆ ఖాళీ కనపడకూడదు. వరుసల మధ్య నడుస్తూ ఎక్కడ ఖాళీ చూసినా, ‘గిదేంది, పండ్లు ఊడిన ముసలోని నోరు లెక్క’ అని అరుస్తాడు. ఆ పూట కూలి కోస్తానంటాడు. అందుకని అక్కడి ఆడవాళ్ళకు ఒక పని చేతికి అలవాటైపోయింది. పక్క ట్రేలోంచి వెదురుపుల్లతో ఒక మొలకను లేపి, ఖాళీ గూట్లో దించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కడం. మొక్కకు తెలియదు, చూసేవాడికి అసలే తెలియదు. ఈ విద్యలో రాజమణిని మించినవాళ్ళు లేరు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఆమే నేర్పింది. తండా నుంచి వచ్చే లచ్చికీ ఆమే నేర్పింది. ఏ అధికారి వచ్చినా, ఏ రైతు వచ్చినా, సేటు నర్సరీలో ట్రేలన్నీ నిండుగా ఉంటాయి.

జనవరి నెలలో జనగామ నుంచి వర్షిణి అనే అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. రెండు బస్సులు మారి, ఒళ్ళో ఒక నల్లటి పెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని దిగింది. ఆ పెట్టెలో లేజర్ ఉంది. గాజు పళ్ళెంలో తూజా గింజలు పరిచి, పెట్టెలోంచి వచ్చే సన్నటి ఎర్రటి వెలుగు కింద కొన్ని నిమిషాలు ఉంచుతుందట. అట్లా వెలుగు తగిలిన గింజ తొందరగా మొలుస్తుందా, ఎక్కువ మొలుస్తుందా, మొలిచిన మొక్క బలంగా పెరుగుతుందా అన్నది ఆమె ప్రశ్న. నీడకు పచ్చ నెట్టు కట్టిన షేడ్‌నెట్ కింద చోటు సేటే ఉచితంగా ఇచ్చాడు. సేటు ఉచితంగా ఏదైనా ఇచ్చాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది. రాజమణికి రాలేదు.

వర్షిణి గదిలో తలుపు వేసుకుని పని చేసి, గింజలను మూడు పొట్లాలుగా తెచ్చింది. ఒకదానికి తెల్ల దారం, ఒకదానికి పసుపు, ఒకదానికి నీలం. మూడు ట్రేలలో వేయమంది. ట్రేలకు కూడా అవే దారాలు కట్టింది. రోజూ నీళ్ళు చిలకరించి, ఎన్ని మొలిచాయో లెక్క రాసే పని రాజమణిది.

“ఏ రంగు ఏందో చెప్పవా బిడ్డా?” అని అడిగింది రాజమణి.

“చెప్పనక్కా. లెక్క మొత్తం అయినంక చెప్త.”

రాజమణి చెవులు ఎర్రబడ్డాయి. “అంటే నేను దొంగలెక్క రాస్తననా? పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న. గీ చేతుల మీదికెల్లి లచ్చల మొక్కలు పోయినయ్. నిన్న మొన్న వచ్చిన పోరివి, నన్ను పరీచ్చ పెడ్తవా?”

వర్షిణి బెదిరిపోలేదు. “నీ మీద నమ్మకం లేక కాదక్కా. ఇది మంచిగ మొలవాలె అని మనసుల ఉంటే, సగం పగిలిన గింజ గూడ మొలిచినట్టే కనవడ్తది. నేను లెక్క పెడితే నా కన్ను లేజర్ దిక్కే ఒరుగుతది. నీకు తెల్వదు కాబట్టి నీ కన్ను ఎటూ ఒరగది. నాకు నీ కన్నే గావాలె.”

రాజమణి పోయి నీళ్ళ పైపు పట్టుకుంది. కానీ ఆ మాట రెండు రోజులు ఆమె తలలో తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె చేతులను మెచ్చుకున్నవాళ్ళున్నారు, ఆమె నోటికి భయపడినవాళ్ళున్నారు. ఆమె కన్ను కావాలని అడిగిన మనిషి మాత్రం ఈ పిల్లే. మూడో రోజు తొర్రూరు సంతలో ఆమె తన సొంత డబ్బుతో ఒక గళ్ళ నోటుపుస్తకం కొనుక్కుంది. ఒక్కో ట్రేకు పద్నాలుగు వరుసలు, వరుసకు ఏడు గళ్ళు గీసింది. మొలిచిన గూటికి చుక్క, మొలవని గూడు ఖాళీ. ఏడో తరగతి చదువు అన్నాళ్ళకు ఒక పనికి వచ్చిందని సంబరపడింది.

“గీ మూడు ట్రేల జోలికి ఎవ్వలు పోవద్దు. ఖాళీ ఉంటే ఖాళీనే ఉండాలె” అని లచ్చికీ మిగతావాళ్ళకూ గట్టిగా చెప్పింది.

తొమ్మిదో రోజున పసుపు ట్రేలో మొదటి మొలక లేచింది. గింజ పొట్టును టోపీలా నెత్తిన పెట్టుకుని రెండు సన్నటి ఆకులు. తెల్ల ట్రేలో పదకొండో రోజుకు లేచాయి. నీలం బద్ధకించింది. పదహారో రోజు రాజమణి లెక్క రాసింది. పసుపు అరవై ఒకటి, తెలుపు యాభై నాలుగు, నీలం ముప్పై మూడు. వర్షిణి ఆ గళ్ళను ఫోటో తీసుకుని, మొహం కొంచెం చిన్నబుచ్చుకుని జనగామ బస్సెక్కింది. అప్పుడు రాజమణికి పసుపు ఏదో, తెలుపు ఏదో తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రం కూడా పోయింది. లెక్క సరిగ్గా ఉంది, అది చాలు అనుకుంది.

పదిహేడో రోజు పొద్దున వచ్చి చూస్తే పసుపు ట్రే నిండుగా ఉంది.

తొంభై ఎనిమిదికి తొంభై ఎనిమిది. ఒక్క గూడు ఖాళీ లేదు. పక్కన తెల్ల ట్రే చూస్తే పదిహేడే మిగిలాయి. రాత్రికి రాత్రి ముప్పై ఏడు మొలకలు అక్కడినుంచి లేచి ఇక్కడికి నడిచి వచ్చాయా? రాజమణి వంగి చూసింది. ప్రతి కొత్త మొలక పక్కనా గూట్లో నింపిన కొబ్బరి పొట్టులో బొటనవేలి నొక్కు. ఎడమ వైపుకు కాస్త ఒరిగిన నొక్కు. లచ్చి ఎడమచేతి వాటం మనిషి.

“ఏ లచ్చీ!”

ఆ కేక నర్సరీ చివర ఉన్న పంపు షెడ్డు దాకా వినపడింది. లచ్చి చేతిలో బకెట్‌తోనే వచ్చింది.

“చెప్పిన్నా లేదా? ముట్టొద్దని చెప్పిన్నా లేదా? నా పదారు రోజుల పని బుగ్గి జేస్తివి గదనే! నీ చేతులు ఊకుండయా?”

“నిన్న నువ్వు పోయినంక సేటు వచ్చిండక్కా” అంది లచ్చి. “రేపు ఫోటోలు తీసెటోళ్ళు వస్తరు, పసుపు ట్రే మంచిగ కనవడాలె అన్నడు. నింపుమని అనలే. నువ్వుంటే నువ్వూ నింపుదువేమో అనుకున్న. ఖాళీ ఉంటే ఎవల కూలి కోస్తడు? నీదా, నాదా?”

“పసుపే అని సేటుకెట్ల ఎరుక?”

“ఆ పిల్ల చెప్పిందట. పసుపుదే లేజర్‌ది మంచిగొచ్చిందని.”

రాజమణికి ఒళ్ళు మండిపోయింది. తనకు చెప్పలేదు, సేటుకు చెప్పింది. చోటిచ్చినవాడు గుచ్చి గుచ్చి అడిగి ఉంటాడు, కాదనలేకపోయి ఉంటుంది. అయినా సరే. లచ్చిని ఇంకో నాలుగు మాటలు అనబోయింది. అంతలో లచ్చి బకెట్ కింద పెట్టి మెల్లగా అంది. “నువ్వే నేర్పినవ్ గదక్కా. గా చిట్యాలన్న వచ్చిన యేడు గూడ మనిద్దరం గిట్లనే నింపినం. అప్పుడు నువ్వు నన్ను తిట్టలే.”

రాజమణి నోరు అక్కడే ఆగిపోయింది.

చిట్యాలన్న అంటే సదానందం, చిట్యాలలో ఉండే ఆమె సొంత అన్న. నాలుగేళ్ళ కిందట భూపాలపల్లి వైపు నుంచి బండి మీద వచ్చి, కొత్త రకం మిర్చి విత్తనం కొనాలా వద్దా అని చెల్లెల్ని అడిగాడు. రాజమణి అతన్ని చేయి పట్టుకుని తీసుకుపోయి ఆ రకం మిర్చి ట్రే చూపించింది. ‘సూడన్నా, ఒక్కటి గూడ పోలే’ అంది. నిండు ట్రే. అన్న నమ్మాడు. రెండెకరాలకు సరిపడా పొట్లాలు కొనుక్కుపోయి మడిలో పోస్తే సగం కూడా మొలవలేదు. మళ్ళీ నారు దొరికేసరికి అదను దాటిపోయింది. ఆ యేడు అతను మిర్చి కల్లం చూడలేదు. విత్తనం మంచిదే, నువ్వే నారుమడి చెడగొట్టుకున్నావని సేటు అన్నాడు. అప్పుడు రాజమణి కూడా, ‘నా కండ్లతోని చూసిన్నన్నా, నూటికి నూరు మొలిచినయ్. నువ్వే నీళ్ళెక్కువ పెట్టినవ్’ అంది. అన్న మళ్ళీ ఆమె గడప తొక్కలేదు.

నా కళ్ళతో చూశానంది. ఏం చూసింది? తన చేతులు నింపిన ట్రేను తన కళ్ళు చూశాయి. చేసిన పని చేతికి గుర్తులేదు, కన్నుకు అసలే గుర్తులేదు. అంతగా అలవాటైన పని అది. నాలుగేళ్ళు అన్న మీద అలిగి కూర్చుంది, తప్పు అతనిదేనని. ఇప్పుడు ఎవరిని తిట్టాలి? రాజమణి ట్రేల పక్కన కూలబడి, లచ్చిని కాదు, సేటును కాదు, తన బొటనవేలిని చూసుకుని ఏడ్చింది. ఏడుపు కూడా కోపంతోనే వచ్చింది.

మధ్యాహ్నం ఫోటోలు తీశారు. పసుపు ట్రే పక్కన పసుపు పళ్ళు చూపి నవ్వుతూ సేటు, పక్కనే దిగులు మొహంతో పదిహేడు మొలకల తెల్ల ట్రే. ఈ ఖరీఫ్‌కు ‘లేజర్ మిర్చి’ అని పొట్లాలు కట్టి అమ్ముతాడట. తూజా గింజకు జరిగింది మిర్చి గింజకు జరుగుతుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఫ్లెక్సీ చెబుతుంది. రెండు రోజుల్లో రైతుల మీటింగు. మహబూబాబాద్ నుంచి చిట్యాల దాకా పాత గిరాకీ రైతులందరికీ ఫోన్లు పోయాయి.

రాజమణి వర్షిణికి ఫోన్ చేసింది. “సేటు నాకు ఫోటోలు పంపిండక్కా” అంది వర్షిణి. “మా సార్ గూడ చూసి మస్తున్నది అన్నడు. నేనేం జెయ్యాలె? గీ యేడుతోని నా స్కాలర్‌షిప్ ఐపోతది. గీ ఒక్కసారికి ఊకుందామక్కా. మల్లా విడతల సక్కగ చేద్దాం.”

“నీకు నా కన్ను గావాలంటివి” అంది రాజమణి. “ఇప్పుడు మూసుకోమంటున్నవా?”

రాజమణి ఫోన్ పెట్టేసింది.

మీటింగు రోజు షామియానా వేశారు. రైతులు ఒక ఎనభై మంది దాకా వచ్చారు. బూందీ పొట్లాలు, చాయ. స్టేజీ మీద మూడు ట్రేలు. వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద సేటు ఫోటో, సేటు పక్కన రాజమణి ఫోటో! కింద అక్షరాలు: ‘పద్దెనిమిదేళ్ళ అనుభవం గల మన రాజమణి లెక్క. లేజర్ 98. మామూలు 17.’ ఆమెను అడిగింది లేదు, పెట్టింది లేదు. వర్షిణి మూల కుర్చీలో తలవంచుకుని కూర్చుంది. చివరి వరుసలో తువ్వాలు భుజాన వేసుకుని సదానందం ఉన్నాడు. చెల్లెలు కనపడ్డా పలకరించలేదు.

సేటు అరగంట మాట్లాడాడు. అంతరిక్షం దగ్గర మొదలుపెట్టి మిర్చి తొడిమ దాకా వచ్చాడు. చివర, “నా మాట నమ్మకున్నా మా రాజమణి మాట నమ్మాలె. ఆమెకు అబద్ధమంటే మంట. చెప్పు రాజమణీ” అని మైకు అందించాడు.

ఆమె చెవులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. మైకు పక్కన పెట్టేసింది. ఆమె గొంతుకు మైకు ఎందుకు?

“గిది నా లెక్క గాదు” అంది. “నా లెక్క గిది.” గళ్ళ పుస్తకం తీసి పైకెత్తింది. “పదారో రోజు పసుపుల అరవై ఒకటి, తెల్లదాంట్ల యాభై నాలుగు. లేజరుకు ఏడు ఎక్కువొచ్చినయ్. ఏడంటే ఏడే. తెల్లది మామూలుదైతె నీలందానికి గూడ లేజరే కొట్టినట్టున్నది, అది ముప్పై మూడే వచ్చినయ్. సేటు నీలం ముచ్చట మీకు చెప్పిండా?”

“రాజమణీ, కిందికి దిగు” అన్నాడు పురుషోత్తం.

“దిగ. పెద్దయ్యా, నువ్వు రా” అని ముందు వరుసలో ఒక ముసలి రైతును పిలిచింది. “మూడో వరుస, ఐదో గూడు. నా బుక్కుల చుక్క లేదు, అంటే అండ్ల మొలవలే. ఇప్పుడున్నది. పీకు.”

రైతు సందేహిస్తూనే మొలకను మెల్లగా లేపి చూశాడు. వేరు కొస చేపల గాలంలా పైకి మడతపడి ఉంది. నాటినప్పుడు లోపలికి తోస్తే అట్లా మడతపడుతుందని నారు నాటే ప్రతి రైతుకూ తెలుసు. “చుక్క ఉన్నది పీకు. నాలుగో వరుస, మొదటిది.” ఆ వేరు తిన్నగా సూదిలా దిగింది. ఇంకొకటి పీకమంది. ఇంకొకటి. ముసలాయన వెనక నలుగురు వచ్చి వాళ్ళే పీకడం మొదలుపెట్టారు. బుక్కులో ఖాళీ ఉన్న చోటల్లా వేరు మడతే.

“ఎవలు నాటిండ్రో చెప్పు” అని సేటు గుడ్లురిమాడు. లచ్చి షామియానా గుంజ వెనక్కి జరిగింది.

“నీ నర్సరీల చేతులు నాటినయ్ సేటూ. ఖాళీ కనవడితే కూలి కోస్త అన్నది ఎవలు? పద్దెనిమిదేండ్ల సంది మా చేతులకు అబద్ధం నేర్పింది ఎవలు? నేర్పినోనివి నువ్వు. నేర్చుకోని పదిమందికి నేర్పిన ముండను నేను.” ఆమె చివరి వరుస వైపు తిరిగింది. “అన్నా, నాలుగేండ్ల కింద నీకు చూపిచ్చిన మిర్చి ట్రే గూడ గిట్లనే నింపిందే. నేనే నింపిన. నేనే నింపి, నేనే నమ్మి, నిన్ను ముంచిన. నీళ్ళెక్కువ పెట్టింది నువ్వు గాదే.”

సదానందం లేచి నిలబడ్డాడు. ఏమైనా అంటాడని అందరూ చూశారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చాయ కూడా తాగకుండా బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. అతని వెనకే చాలామంది లేచారు.

ఆ సాయంత్రమే రాజమణి నౌకరీ పోయింది. లచ్చి తనే మానేసి వచ్చింది. సేటు ఫ్లెక్సీ నుంచి రాజమణి ఫోటోను కత్తిరించాడట. ఆ ముక్కను ఆమె మొగుడు ఎక్కడినుంచో తెచ్చి కోళ్ళ గూడు మీద కప్పాడు. అది చూసినప్పుడల్లా రాజమణి సేటును తలుచుకుని రెండు తిట్లు తిట్టేది.

వారం తిరక్కుండా వర్షిణి నల్ల పెట్టెతో ఆమె ఇంటి ముందు దిగింది. “మా సార్‌కు అంత చెప్పిన. మస్తు కోపం చేసిండు. మల్లా మొదటి నుంచి చెయ్యాలె” అంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచింది గానీ రాజమణి అడగనివ్వలేదు. “ముందుగాల నాలుగు తిట్లు తిను, తర్వాత గింజలు తియ్యి” అంది. నాలుగుతో ఆగలేదు, పది దాకా పోయింది. తర్వాత పెరట్లో వేపచెట్టు నీడన పచ్చ నెట్టు కట్టి, మూడు ట్రేలు పెట్టారు. ఈసారి దారాల రంగులు మారాయి, ఏది ఏదో వర్షిణి ఎవరికీ చెప్పలేదు. లచ్చి రోజూ తండా నుంచి వచ్చి నీళ్ళు చిలకరించింది. ఖాళీ గూడు దగ్గరికి చెయ్యి పోయినప్పుడల్లా వెనక్కి లాక్కుని కొంగులో చుట్టుకునేది.

పదహారో రోజు పొద్దున రాజమణి లెక్క రాస్తుండగా వాకిట్లో బండి ఆగింది. సదానందం. నాలుగేళ్ళ తర్వాత ఆ గడప దాటి వచ్చాడు. వదినె ఎట్లుంది, పిల్లలెట్లున్నారు అని రాజమణి అడగబోతే చేత్తో ఆపి, సరాసరి పెరట్లోకి నడిచాడు.

“ఎన్ని రాసినవ్?”

“ఎర్ర దారం దాంట్ల యాభై ఎనిమిది.”

“నేను లెక్కపెడ్త.”

ట్రే ముందు గొంతుక్కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో గూడే పైకి లెక్కపెట్టాడు. వర్షిణి రాజమణి మొహం వైపు భయంగా చూసింది. ఆ చెవులు ఎర్రబడలేదు. సదానందం చివరి దాకా వచ్చి, వెనక్కి పోయి, తొమ్మిదో వరుసలో ఒక మొలకను గోటితో తాకాడు.

“గిది తూజా గాదు. గడ్డి. యాభై ఏడు.”

రాజమణి వంగి చూసింది. గడ్డే. పుస్తకంలో ఆ గడిలో చుక్కను కొట్టేసింది. యాభై ఎనిమిది కొట్టేసి పక్కన యాభై ఏడు రాసి, పెన్ను అన్న చేతిలో పెట్టింది. సదానందం సంతకం చేసి, “చాయ పెట్టు” అన్నాడు.